మూడు వందల దుప్పట్లు

గోడ మీద అంటించిన చార్టులో లాండ్రీకి దక్కింది చిటికెనవేలంత పసుపు పట్టీ. దాని కింద బాయిలర్ పట్టీ జానెడుంది. ఆక్సిజన్ గొట్టాలది మూరెడుంది. ఆసుపత్రి రెండు వీధుల అవతలి కొత్త భవనానికి మారడానికి ఎన్ని పనులున్నాయో ఆ గోడ మీద అన్ని పట్టీలున్నాయి. చలవాయన కళ్ళద్దాలు చొక్కా అంచుకు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చిటికెనవేలే.

ఆసుపత్రి లాండ్రీకి ఇరవై ఆరేళ్ళుగా అతనే పెద్ద. మాసిన దుప్పటి తీసుకుని చలవ దుప్పటి ఇచ్చేవాడు కాబట్టి అందరికీ చలవాయన. అతని కింద అయిదుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. మీటింగులకు పిలిచిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పిలిచినా తలుపు పక్కన నిలబడి రావడమే. ఈ సోమవారం మాత్రం కుర్చీ వేశారు.

చార్టు గీసినావిడ చేతిలో పొడుగాటి స్కేలు పట్టుకుని నిలబడి ఉంది. ఆసుపత్రి మారే పనంతా నడిపించడానికి బయటి నుంచి తెచ్చిన ప్రాజెక్టు మేనేజరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. వచ్చిన వారంలోనే అందరికీ ప్లాను మేడం అయిపోయింది.

“మాకు ఒక్క రోజేనా మేడం?” అన్నాడు చలవాయన.

“ఒక రోజు పని. ఒక రోజు ఫ్లోట్.”

“అదేంటి?”

“వెసులుబాటు. మంగళవారం అవ్వకపోతే బుధవారం చేసినా ఎవరి పనీ ఆగదు. గురువారం పొద్దున ఎనిమిదికి బాయిలర్ ఆపి విప్పుతారు. ఆవిరి లేకపోతే మీకు వేడినీళ్ళు లేవు. అందుకే మీ పట్టీ నుంచి బాయిలర్ పట్టీకి బాణం గీశాను. ఒక పని అయితేనే రెండోది మొదలవ్వాలి. దాన్ని డిపెండెన్సీ అంటాం.”

“బాణం బాగానే ఉంది. రోజే బాలేదు. మూడు వందల ఇరవై కొత్త దుప్పట్లు ఇవాళే దిగాయి. గంజి పోయేదాకా ఉతికితే గాని మంచం మీద వెయ్యలేం. వార్డుల బట్టలు ఉతకడం ఎటూ ఆపలేం. అవి పోగా రోజుకి ఎనభై. నాలుగు రోజులు కావాలి.”

ఆమె కాగితాలు తిరగేసింది. “మీ బేస్‌లైన్ రోజుకి మూడు వందలు.”

“అంటే?”

“మొదట రాసుకున్న లెక్క. ముందున్నామా వెనకున్నామా అన్నది దాన్నిబట్టే కొలుస్తాం.”

“ఎవరు రాసుకున్నారు?”

బల్లకు ఆ చివర కూర్చున్న పెద్ద డాక్టరు నవ్వాడు. “నేనేనయ్యా. మరిచిపోయావా? మేడం, మా చలవాయన సంగతి మీకు తెలీదు. పదకొండేళ్ళ కిందట జ్వరాలు ముంచెత్తాయి. వరండాలో కూడా మంచాలు వేశాం. ఆరోజు ఒక్క రోజులో మూడు వందల దుప్పట్లు ఉతికి ఇచ్చాడు. ప్రశంసాపత్రం మీద సంతకం నాదే. అది ఆయన సర్వీసు పుస్తకంలో కూడా ఉంది.”

బల్ల చుట్టూ తలలు చలవాయన వైపు తిరిగాయి. మెచ్చుకోలుగానే తిరిగాయి. అతను స్కేలు కొస వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఆరోజు వేరు సార్,” అన్నాడు.

“మనిషి అదే కదా. యంత్రాలూ అవే.”

ప్లాను మేడం ఇంకో కాగితం తీసింది. మీద రిస్క్ రిజిస్టరు అని ఉంది. ఏ పని ఎక్కడ చెడిపోవచ్చో, చెడిపోతే ఎవరు జవాబు చెప్పాలో, ఏం చెయ్యాలో రాసుకునే పట్టిక. ఆమె గట్టిగా చదువుతూ రాసింది. “దుప్పట్లు సమయానికి అందకపోవచ్చు. బాధ్యుడు, లాండ్రీ పెద్ద. అందకపోతే పని బయటి కంపెనీకి అప్పగించడం.”

“ఈ పనా, మొత్తమా?” అడిగాడు చలవాయన.

ఆమె పెద్ద డాక్టరు వైపు చూసింది. “అది తర్వాత చూద్దాం,” అన్నాడు ఆయన. చూసేశాడని అందరికీ అర్థమైంది.

చలవాయన లేచి చార్టు పక్కన అంటించిన ఇంకో కాగితం దగ్గర ఆగాడు. కొత్త భవనంలో ఏ విభాగానికి ఎందరు మనుషులో అందులో ఉంది. లాండ్రీ ఎదురుగా మూడు అంకె ఉంది. రోజుకి మూడు వందలు ఉతికే చోట ఆరుగురెందుకని ఎవరో లెక్క కట్టారు. లెక్కలో తప్పు లేదు. మొదటి అంకెలోనే ఉంది.

లాండ్రీ గది నేలమాళిగలో ఉంది. రెండు డ్రమ్ములు, ఒక పిండే యంత్రం, ఆవిరితో నడిచే ఇస్త్రీ రోలరు, వెనక మెట్లెక్కితే ఆరబెట్టే పెరడు. అతను దిగేసరికి ఆడవాళ్ళు కొత్త దుప్పట్ల మూటలు విప్పుతున్నారు. గంజి వాసన గదంతా పట్టేసింది.

“ఏమన్నారన్నా?” అంది పెద్దావిడ. ఆమెది ఇరవై రెండేళ్ళ సర్వీసు. మాట ముందు, మనిషి వెనక.

అతను నిలబడే చెప్పాడు. ఒక్క రోజు, ఫ్లోట్, బయటి కంపెనీ, మూడు అంకె. ఏదీ దాచలేదు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది.

“మనకి వెసులుబాటు ఉందంట,” అంది రోలరు దగ్గరి అమ్మాయి. “మంచినీళ్ళు తాగడానికి వెళ్తే వెనకాలే కేకేస్తారు. ఆ ఫ్లోటేదో ఎక్కడుందో చూపిస్తే వెళ్ళి కాస్త నడుం వాలుస్తా.”

“నువ్వు వాలిస్తే లేపడానికి ఇంకో ప్రాజెక్టు కావాలి,” అంది పెద్దావిడ. తర్వాత చలవాయన వైపు తిరిగింది. “ఆరోజు చేశాం కదా. మళ్ళీ చేద్దాం. పెరట్లో నేనూ ఇంకిద్దరూ. తీగ మీద వేసిన దుప్పటి దులిపి దులిపి ఈ గోళ్ళు రెండూ ఊడిపోయాయి. చూడు, ఇప్పటికీ సరిగ్గా పెరగలేదు. మా ఆయన వారం రోజులు నాకు అన్నం కలిపి పెట్టాడు. పెళ్ళయ్యాక అదే మొదలు, అదే ఆఖరు.”

ఆడవాళ్ళు నవ్వారు. ఈ కథ అందరికీ కంఠతా వచ్చు. కొత్తగా చేరిన వాళ్ళకి పెద్దావిడ మొదటి రోజే చెబుతుంది.

“చేస్తే ముగ్గురు చాలంటారు,” అన్నాడు చలవాయన. “చెయ్యకపోతే బయటివాళ్ళకి ఇస్తారు.”

“అంటే ఎటు తిరిగినా వీధిలోకే.”

“ఆ లెక్క పోవాలి. అది ఉన్నంతకాలం ఎటు తిరిగినా అంతే.”

“ఎలా పోతుంది? పెద్ద డాక్టరు సంతకం ఉన్న లెక్క.”

అతను మొదటి డ్రమ్ము మూత తీసి ఇరవై అయిదు వార్డు దుప్పట్లు లెక్కపెట్టి వేశాడు.

మంగళవారం పొద్దున ఏడింటికి ప్లాను మేడం లాండ్రీలోకి వచ్చింది. చేతిలో గడియారం, అట్టకు బిగించిన కాగితాలు. రమ్మని ఎవరూ అడగలేదు.

“నేను ఇవాళంతా ఇక్కడే ఉంటాను,” అంది. “మీ పని మీరు చేసుకోండి.”

రోలరు అమ్మాయి ఒక స్టూలు తెచ్చి వేసింది. మేడం కూర్చోలేదు. డ్రమ్ము దగ్గర నిలబడి చలవాయన చేతుల వైపు చూస్తూ రాసుకుంది. అతను ఆవిరి చక్రం సగం తిప్పాడు. నీళ్ళు కాగేదాకా ఆగాడు. క్రిములు చచ్చే మందు కొలిచి పోశాడు. దుప్పట్లు వేసి మూత బిగించాడు.

“ఇప్పుడేం చేస్తున్నారు?”

“నానుతున్నాయి.”

“ఎంతసేపు?”

“నలభై నిమిషాలు.”

“ఈ నలభై నిమిషాలూ మీరు ఖాళీనా?”

“రెండో డ్రమ్ము ఎవరు చూస్తారు మేడం?”

ఆమె రెండో డ్రమ్ము కూడా చూసింది. జాడించడం చూసింది, పిండడం చూసింది. తడి దుప్పట్ల బండి మెట్లెక్కించడానికి ఇద్దరు తోస్తుంటే పక్కకు జరగలేక తనూ చెయ్యి వేసింది. వార్డుల నుంచి మాసినవి రెండు విడతలు వచ్చాయి. అవి వచ్చినప్పుడల్లా కొత్తవి పక్కకు జరిగాయి. శస్త్రచికిత్స గది నుంచి వచ్చిన మూటను చలవాయన ఒక్కడే విప్పాడు. ఆడవాళ్ళ చేత విప్పించలేదు. అది కూడా ఆమె రాసుకుంది.

సాయంత్రం అయిదింటికి మడతపెట్టిన కొత్త దుప్పట్లు లెక్కపెడితే డెబ్బై ఎనిమిది.

“ఎనభై అన్నారు,” అంది ఆమె.

“రెండు తీగ మీద ఉన్నాయి. ఇంకా ఆరలేదు.”

ఆమె మొదటిసారి స్టూలు మీద కూర్చుంది. చెప్పులో నీళ్ళు చేరాయి. తీసి దులుపుకుంది.

“మీరు చెప్పింది నిజమే. మీ పనికి నాలుగు రోజులు. అలా వేస్తే క్రిటికల్ పాత్ మారిపోతుంది. ఆ పాత్ అంటే, అందులో ఏ పని ఒక్క రోజు ఆగినా మొత్తం ప్రాజెక్టు ఒక్క రోజు ఆగుతుంది. ఇంతవరకు దాని మీద ఆక్సిజన్ గొట్టాలున్నాయి, బాయిలర్ ఉంది. ఇప్పుడు మీ దుప్పట్లు వచ్చి కూర్చున్నాయి. బాయిలర్ ఆపడం వెనక్కి పోతుంది. శనివారం రోగుల్ని మార్చడం మైల్‌స్టోన్, అంటే దాటాల్సిన మైలురాయి. అది కూడా వెనక్కి పోతుంది. ప్రారంభోత్సవానికి శనివారం వచ్చే అతిథికి ఉత్తరం వెళ్ళిపోయింది.”

“పోతే పోనివ్వండి. కళ్ళారా చూశారు కదా.”

“నేను చూసింది ఎనభై. కాగితంలో ఉన్నది మూడు వందలు. ఒకసారి చేసిన మనుషులు రెండోసారి చెయ్యడం లేదంటే కావాలనే చెయ్యడం లేదంటారు. నిన్న మీటింగు అయ్యాక ఆ మాట అన్నారు కూడా. ఆ కాగితం తప్పని చెప్పడానికి నాకు ఇంకో కాగితం కావాలి.” ఆమె చెప్పు తొడుక్కుంది. “ఆరోజు మనుషులు ఎక్కువ ఉన్నారా? వార్డుల పని ఆపేశారా? ఏదో ఒక తేడా ఉండాలి. చెప్తే రాసుకుంటాను.”

పెద్దావిడ మడతపెడుతున్న దుప్పటి మీద నుంచి తలెత్తింది. “మనుషులు ఇంతమందే మేడం. పని కూడా ఇంతే. మా ప్రాణాలు పెట్టాం. అదే తేడా.”

ప్లాను మేడం చలవాయన వైపు చూసింది.

“రేపు మీటింగులో మాట్లాడతాను,” అన్నాడతను.

చలవాయన ఇల్లూ బావమరిది ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. భార్య పోయి రెండేళ్ళు. అప్పటినుంచి సాయంత్రం భోజనం అటువైపే. ఆమె తమ్ముడే ఆసుపత్రి బాయిలర్ నడిపేది. పొద్దున్నుంచీ మంట ముందు నిలబడే మనిషి ఇంటికొచ్చినా అరుగు మీదే కూర్చుంటాడు.

“ఏం బావా, నీ కోసం ప్లాను మేడం నేలమాళిగలో కాపురం పెట్టిందంట?”

“నోరు ముయ్యరా.”

“నా బాయిలర్ దగ్గరికి కూడా వచ్చింది. శుక్రవారం దాకా నడపగలవా అని అడిగింది. నేనెంతకాలమైనా నడుపుతా, ఆపమన్నది మీరే కదా అన్నాను. అదీ రాసుకుంది. ఆవిడ ముందు తుమ్మినా రాసుకునేలా ఉంది.”

అతని భార్య గిన్నెలు తెచ్చి పెట్టింది. “అన్నయ్యా, ముందు తినండి. ఈయన మాటలకి అంతుండదు.”

ఆమె లోపలికి వెళ్ళాక బావమరిది గొంతు తగ్గించాడు.

“నన్నడిగితే రేపు పొద్దున ఆరింటికి మొదలుపెట్టు. నానబెట్టకు. కొత్త దుప్పట్లు, ఎవడూ పడుకోనివి. చల్లనీళ్ళలో ముంచి తీస్తే గంజి పోతుంది. సాయంత్రానికి అన్నీ అయిపోతాయి. ఎవరు చూడొచ్చారు?”

చలవాయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

“ఆరోజు చేసిందే కదా,” అన్నాడు బావమరిది. “నాకు తెలీదనుకున్నావా? ఏ గదికి ఏ గంటకి ఎంత ఆవిరి వదిలానో నా పుస్తకంలో ఉంటుంది. జ్వరాల రోజు పదింటి నుంచి నీ డ్రమ్ములకి ఆవిరే పోలేదు. రోలరుకే పోయింది. రాసేటప్పుడే చూశాను. కింద నా సంతకం కూడా పెట్టాను.”

“పదకొండేళ్ళు అనలేదేం?”

“అక్క మొగుడివి. అని ఏం చెయ్యను? పైగా నీకు పత్రం ఇచ్చిన రోజు అందరికీ మిఠాయి పెట్టావు. నేనూ రెండు తిన్నాను.”

చలవాయన తిన్నంతవరకు తిని చెయ్యి కడుక్కుని తన వైపుకు వచ్చాడు.

జ్వరాల రోజు డ్రమ్ముల దగ్గర ఉన్నది ఇద్దరే. అతనూ, అప్పట్లో లాండ్రీలోనే పనిచేసే అతని భార్యా. మిగతా అందరూ పెరట్లో, రోలరు దగ్గర. పై నుంచి దుప్పట్లు కావాలని మనిషి మీద మనిషి వస్తున్నాడు. జ్వరం వాళ్ళ కింద నుంచి లాగి తెచ్చిన దుప్పట్లు మెట్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. అతను ఆవిరి చక్రం కట్టేశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. “ఉంచండి. నలభై నిమిషాలు ఉంచండి,” అంది. “తెల్లగా కనిపిస్తే చాలు, నువ్వు తియ్యి,” అన్నాడు. తీసింది. సాయంత్రానికి మూడు వందలు పైకెళ్ళాయి. తెల్లగానే కనిపించాయి. తర్వాత వారం రోజులు ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

రెండేళ్ళ కిందట అదే ఆసుపత్రిలో మంచం మీద ఉన్నప్పుడు ఆమె దుప్పటి అంచు వేళ్ళతో నలిపి చూసింది. “దీన్నెవరు నానబెట్టారు?” అని అడిగింది. నేనే అన్నాడు. “ఎంతసేపు?” అంది. అతను చెప్పాడు. ఆమె నమ్మిందో లేదో అతనికి తెలీదు. అడిగే ధైర్యం చెయ్యలేదు. నాలుగో రోజు పోయింది.

అతను బయటికొచ్చి గోడ దగ్గర నిలబడి అవతలికి పిలిచాడు. “ఒరే, ఆ పుస్తకం ఎక్కడుంది?”

“ఏ పుస్తకం?”

“జ్వరాల ఏడాదిది.”

“బాయిలర్ గదిలో అటక మీద. ఎందుకు?”

“రేపు పొద్దున తియ్యి.”

“నీకు మతి పోయింది బావా. అందులో నా సంతకం ఉందని చెప్పానా లేదా?”

“నువ్వు నిజమే రాశావు. నీకేం కాదు.”

“చూసి చెప్పలేదేం అంటారు.”

“అంటే పడు,” అన్నాడు చలవాయన. “నేను పడుతున్నది కనిపించడం లేదా?”

బుధవారం మీటింగు పదింటికి. ఈసారి చలవాయన పెద్దావిడను వెంట తీసుకొచ్చాడు. ఆమె లాండ్రీ చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చింది. కుర్చీ లేదు. అతను తన కుర్చీ ఇచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. బావమరిది ఇంకా రాలేదు.

ప్లాను మేడం ముందురోజు రాసుకున్నదంతా చదివింది. నింపడానికి ఇంత, నానడానికి ఇంత, జాడించడానికి ఇంత. పెద్ద డాక్టరు సగంలోనే చెయ్యెత్తాడు.

“మీరు గడియారం పట్టుకుని పక్కన నిలబడితే ఎవడైనా నెమ్మదిగానే చేస్తాడు. ఏమయ్యా, నేను అడుగుతున్నాను. ఆరోజు చేశావు. ఇవాళ సాయంత్రానికి చెయ్యగలవా లేదా? చేస్తానను. మిగతా మాటలు వదిలేద్దాం. పత్రం ఇంకోటి ఇస్తాను.”

గది అంతా అతని మాట కోసం చూసింది. పెద్దావిడ కూడా చూసింది. ఆమె మొహంలో చేస్తానను అనే ఉంది.

“ఆరోజు చెయ్యలేదు సార్,” అన్నాడు చలవాయన.

“ఏంటి చెయ్యనిది?”

“దుప్పట్లు నానబెట్టలేదు. మందు కలిపిన వేడినీళ్ళలో నలభై నిమిషాలు ఉండాలి. ఉంచలేదు. చల్లనీళ్ళలో ముంచి, పిండించి, ఇస్త్రీకి పంపాను. అందుకే మూడు వందలయ్యాయి. నానబెడితే ఎనభైయే అయ్యేవి.”

పెద్ద డాక్టరు బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టాడు.

“అవి జ్వరం వాళ్ళవి.”

“అవును సార్.”

“ఎవరికైనా ఏమైనా అయిందా?”

“తెలీదు సార్. నేను అడగలేదు.”

ఒక్క రోజులో ఎలా అయిందని ఆనాడు పెద్ద డాక్టరూ అడగలేదు. ఆ మాట గదిలో ఎవరూ అనలేదు.

“దీనికి రుజువేంటి?” అన్నాడు ఆయన. “ఇప్పుడు పని తప్పించుకోవడానికి చెబుతున్నావని నేనంటే?”

తలుపు తీసుకుని బావమరిది వచ్చాడు. చంకలో దుమ్ము పట్టిన పొడుగాటి పుస్తకం ఉంది. అతను ఎవరి మొహమూ చూడలేదు. పుస్తకం ప్లాను మేడం ముందు పెట్టి, పేజీ తీసి, వేలు పెట్టి చూపించాడు.

“పది దాటాక లాండ్రీ డ్రమ్ములకి సున్నా,” అన్నాడు. “ఈ రాత నాదే.”

ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత పుస్తకం పెద్ద డాక్టరు వైపు జరిపింది. ఆయన చదవలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. లాండ్రీ పసుపు పట్టీ గోరుతో లేపి తీసేసింది. కొత్తది కత్తిరించింది. నాలుగు రోజుల పొడుగుంది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా అంటించింది. బాయిలర్ పట్టీని తీసి దాని తర్వాత పెట్టింది. గొట్టాలు, మంచాలు, రోగులు, ఒక్కొక్కటీ కుడివైపుకు జరిగాయి. మైల్‌స్టోన్ అని రాసిన ఎర్ర ముక్క వచ్చే సోమవారానికి పోయింది. పక్క కాగితం మీద మూడు అంకె కొట్టేసి ఆరు రాసింది.

“ఈ మార్పుకి మీ సంతకం కావాలి సార్,” అంది. “ప్లాను మారుతోంది కాబట్టి కారణం కూడా రాయాలి. పాత బేస్‌లైన్ తప్పు అని రాస్తున్నాను.”

“ఎవరి తప్పని రాస్తారు?”

“లెక్క తప్పని రాస్తాను. ఎవరిదన్నది వేరే కాగితం. అది మీరు చూసుకోండి.”

ఆయన సంతకం పెట్టాడు. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. చలవాయనకు ఆయన భుజం తగిలేంత దగ్గర.

“నీ పత్రం నేను చదివి వినిపించాను,” అన్నాడు. “అందరి ముందూ.”

“అవును సార్.”

పెద్దావిడ కుర్చీలో అలాగే ఉంది. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని గోళ్ళ వైపు చూసుకుంటోంది. చలవాయన పద అన్నాడు. ఆమె లేచింది. మెట్లు దిగేటప్పుడు అతని ముందు నడిచింది.

కింద ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆరుగురూ ఉంటారని చెప్పింది పెద్దావిడే. రోలరు అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఎలా ఒప్పించారని అడిగింది. పెద్దావిడ బుట్టలోంచి తడి దుప్పటి తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు చలవాయన చెప్పాడు. మీటింగులో చెప్పినట్టే చెప్పాడు. చప్పట్లు కొట్టిన అమ్మాయి చేతులు చీరకు తుడుచుకుని రోలరు దగ్గరికి వెళ్ళింది.

గురువారం మధ్యాహ్నం మెమో వచ్చింది. రోగుల ప్రాణాలకు ముప్పు తెచ్చే విధంగా ప్రవర్తించినందువల్ల లాండ్రీ పెద్ద బాధ్యత నుంచి తొలగించడమైనది. మిగిలిన సర్వీసు డ్రమ్ము పనివాడుగా. తెచ్చిన ప్యూను చదవకుండా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఇంకో కాగితం పెద్దావిడ పేరు మీద ఉంది. ఆమె అది రెండు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది.

సాయంత్రం ప్లాను మేడం దిగి వచ్చింది. “మెమో సంగతి నాకు తెలీదు,” అంది. “తెలిసినా ఆపగలిగేదాన్ని కాదు.”

“ఆపమని నేను అడగలేదు మేడం.”

“మీరు చెప్పకపోతే నాకు దారి లేదు. అది చెప్పడానికే వచ్చాను.”

“మీ దారి బాగైంది. వెళ్ళండి. తడి నేల, జాగ్రత్త.”

ఆమె నిలబడింది. ఇంకేదో అనాలనుకుంది. అతను చక్రం తిప్పుతున్నాడు. ఆవిరి చప్పుడులో ఏమన్నా వినపడదు. వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున పెద్దావిడ ముందే వచ్చింది. లాండ్రీ పెద్ద తాళాలు ఇప్పుడు ఆమె దగ్గరే ఉన్నాయి. బల్ల మీద ఉండే గడియారం తెచ్చి డ్రమ్ముల మధ్య మేకుకు తగిలించింది. ఆఖరి ఎనభై దుప్పట్లు ఆమే లెక్కపెట్టి ఇచ్చింది. చలవాయన అందులో ఇరవై అయిదు తీసుకుని డ్రమ్ములో వేశాడు. మందు కొలిస్తే ఆమె కొలత గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసింది. అతను మూత బిగించాడు. ఆమె కాగితం మీద టైము రాసింది.

ఇరవై ఆరేళ్ళలో అతను ఎప్పుడూ గడియారం చూసి మూత తియ్యలేదు. డ్రమ్ము చప్పుడు మారితే తెలిసిపోతుంది. చప్పుడు మారింది. మూత పిడి మీద చెయ్యి వేశాడు.

“తియ్యకు,” అంది పెద్దావిడ. బుధవారం తర్వాత అతనితో ఆమె మాట్లాడడం అదే మొదలు. “ఇంకా మూడు నిమిషాలుంది.”

అతను చెయ్యి తీశాడు. ఇద్దరూ డ్రమ్ముకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. మూత సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది.

“ఆరోజు నీ ఇంటావిడకి తెలుసా?”

“తెలుసు.”

“ఏమంది?”

“ఉంచమంది.”

పెద్దావిడ తల తిప్పి గడియారం వైపు చూసింది. ముల్లు కదిలేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

“ఇప్పుడు తియ్యి,” అంది.